బొంతలో నడిమి పొర

మొన్న మా మనుమరాలు దుకాణం నుంచి ఒక చిన్న బొంత తెప్పించుకుంది. తను నిండు నెలలతో ఉంది. బొంత అంటే మొహం ముడుచుకుంటుంది, దానికేదో వేరే పేరు ఉందట. తెల్లటి గుడ్డ మీద ఏనుగు పిల్లల బొమ్మలు, చుట్టూ మిషన్ కుట్టు. "అమ్మమ్మా, నువ్వు బొంతలు కుట్టినదానివి కదా, లోపల దూది మంచిదో కాదో చూడు" అంటూ నా ఒళ్ళో పడేసింది. అలవాటు ఎక్కడికి పోతుంది? అంచు నుంచి మొదలుపెట్టి అరచేత్తో నొక్కుకుంటూ వచ్చాను. సరిగ్గా నడిమికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. "ఏమైంది, గడ్డ కట్టిందా?" అని అడిగింది. లేదన్నాను. దూది బాగానే ఉంది. బాగాలేనిది నేను. ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పాలనిపించింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. నల్లగొండ దిక్కు, గుట్టలూ బండలూ మెండుగా ఉండి నీళ్ళు మాత్రం పిసరంత ఉండే ఊరు మాది. జొన్న పండేది, ఆముదం పండేది. పొద్దున జొన్న గటక, మాపటికి జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఇంట్లో ఎటు తిరిగినా ఆముదం వాసనే, అవ్వ తలలో, దీపంలో, బండి ఇరుసులో. బట్టకు కరువొచ్చిన రోజులవి. ఎక్కడో లడాయి జరుగుతోందనీ, అందుకే బట్ట కంట్రోలు మీద ఇస్తున్నారనీ పెద్దవాళ్ళు అనుకునేవాళ్ళు. లడాయి ఎవరు చేస్తే మా అమ్మ చీరకు మాసికలెందుకు పడాలో నాకు అర్థమయ్యేది కాదు.

నా తర్వాత అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు తొమ్మిదో రోజున, ఇంకొకడు మూడో నెలలో. ఇద్దరికీ పురుడు పోసింది మా ఊరి మంత్రసానే. నన్ను భూమ్మీదికి దించిందీ ఆమే. ఊరి చివరి వాడలో ఉండేది. నల్లగా, పొడుగ్గా, చేతులు మాత్రం చిన్నపిల్ల చేతుల్లా సన్నగా ఉండేవి. నేను ఎదురుపడితే "నా బిడ్డ పోతాంది సూడుండ్రి" అని పక్కవాళ్ళకు చూపించేది. నాకది నచ్చేది కాదు. నేను ఎవరి బిడ్డను, ఈమె ఎవరు అనుకుని మూతి తిప్పుకుని పోయేదాన్ని. పటేలు ఇంటి పిల్లనని టెక్కు.

రెండో పిల్లవాడు పోయాక ఊర్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె చెయ్యి మంచిది కాదట. ఇద్దరు ముగ్గురు పక్క ఊరి నుంచి వేరే మంత్రసానిని పిలిపించుకున్నారు కూడా. పురుడు పోస్తే వచ్చే గింజలే ఆమె ఇంటికి ఆధారం. మా నాయినమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. ఆ గుసగుసలు అవ్వ దగ్గర సాగేవి కావు. "పుట్టిచ్చుడు దాని చేతుల ఉంటది. బతికిచ్చుడు దాని చేతుల ఉంటదా? నోరున్నదని ఏది వడితే అది అనొద్దు" అని కసిరేది.

అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఏడో నెల రాగానే అవ్వ భిక్షపు బొంత కుట్టాలంది. పిల్లలు దక్కని ఇళ్ళలో అప్పుడది ఆచారం. పుట్టబోయే బిడ్డకు ఇంటి బట్ట వాడకూడదు, కొత్త బట్ట అసలే వాడకూడదు. ఏడు ఇళ్ళు తిరిగి పాతగుడ్డలు అడుక్కొచ్చి, వాటిని లోపల పొరలుగా పరిచి బొంత కుట్టాలి. అడుక్కొచ్చిన గుడ్డ మీద పడుకున్న బిడ్డను దేవుడు కూడా బిచ్చగాని బిడ్డ అనుకుని వదిలేస్తాడని నమ్మకం. అడుక్కురావాల్సింది ఆ ఇంట్లో బతికి ఉన్న పెద్దబిడ్డ. అంటే నేను.

ఏ ఇళ్ళకు పోవాలో అవ్వే ఎంచింది. కన్న పిల్లలంతా దక్కిన ఆడమనిషి కట్టి విడిచిన గుడ్డ అయితేనే పనికొస్తుంది. వందసార్లు ఉతికి ఉండాలి, గంజి మొండితనం ఉండకూడదు. పీనుగు మీద కప్పింది కాకూడదు. చివరిది మంత్రసాని ఇల్లు. "దాని అత్త తొమ్మండ్రను కన్నది, తొమ్మండ్రు బతికిండ్రు. గా ముసల్దాని చీర ఇంక దాని దగ్గర ఉంటది. అడిగి తే. నడిమి పొర గదే వెయ్యాలె" అంది అవ్వ.

నడిమి పొరంటే ఏమిటో నాకు తెలుసు. బిడ్డ వీపు ఆనే చోటు. అక్కడ వేసే గుడ్డ అన్నిటికంటే మెత్తనిదై ఉండాలి. ఆ జాగాలో ఎవరి చీర వేశారో బాలింతను చూడటానికి వచ్చిన ఆడవాళ్ళంతా అడిగి తెలుసుకుంటారు. అవ్వ ఊరికే ఎంచలేదు. మంత్రసాని చెయ్యి మంచిదేనని ఊరందరికీ చెప్పడానికి ఎంచింది. ఈ బిడ్డ దక్కితే ఆమె పనీ దక్కుతుంది.

ఒకనాడు పొద్దున్నే తలంటి పోసి, చెప్పులు లేకుండా పంపింది. ఆరు ఇళ్ళ ముందు నిలబడి "మా ఇంట్ల బిడ్డ దక్కాలె, ఒక పాతగుడ్డ పెట్టుండ్రి" అని నసిగాను. ప్రతి ఇంటి ముందూ సిగ్గుతో చచ్చాను. ఒకామె నవ్వి "ఏందే, గొంతు పోయిందా?" అంది. ఇంకొకామె చేతిలో ఉడకబెట్టిన అనపకాయలు పెట్టింది. అడుక్కునేదానిలాగా నిలబడి తినడమా అనిపించింది కానీ తినేశాను.

ఏడో ఇంటికి వెళ్ళేసరికి మంత్రసాని వాకిట్లో చాట చెరుగుతోంది. నా మాట పూర్తికాకముందే లేచి లోపలికి పోయింది. మట్టికుండ అడుగు నుంచి ఒక గుడ్డ తీసుకొచ్చింది. నల్లటి నేత చీర ముక్క, ఎర్ర అంచు, ఉతికి ఉతికి నలుపు పోయి బూడిద రంగుకు వచ్చింది. నా చెంపకు ఆనించింది. "సూడు, ఎంత మెత్తగున్నదో. మా అత్తది. ఆమె పోయినంక గిదొక్కటే మిగిలింది. మీ అవ్వ అడిగిందంటే, ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా" అంది. కళ్ళు తుడుచుకుంది. ఎందుకు ఏడుస్తోందో నాకప్పుడు పట్టలేదు.

తిరిగి వస్తుంటే దారిలో నా జతగత్తె, పట్వారీ కూతురు, ఎదురైంది. దాని చెయ్యి ఎప్పుడూ పసుపు వాసన వేసేది, దానికి వెండి కడియాలుండేవి, దాని స్నేహం పోతే నాకు లోకం పోయినట్టే. మూట విప్పి చూపించమంది. చూపించాను. ఎర్ర అంచు ముక్క దగ్గర ఆగింది.

"గిది యాడిది?"

చెప్పాను. అది రెండడుగులు వెనక్కి వేసింది. "ఛీ, గా వాడదా? దాన్ని చంకల వెట్టుకొని వస్తున్నవా? ఇగ నన్ను ముట్టకు" అని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. కోపం దాని మీద రావాలి. మంత్రసాని మీద వచ్చింది. చేను గట్టున రాతిగోడ ఉంటే, రెండు బండల సందులో ఆ చీర ముక్కను కుక్కి పైన ముళ్ళకంప లాగాను. అప్పుడు లెక్క గుర్తొచ్చింది. ఏడు ఉండాలి, ఆరే ఉన్నాయి. ఆ చేన్లోనే మేము దొంగతనంగా లేత జొన్నకంకులు కాల్చుకుని ఊసబియ్యం తినేవాళ్ళం. నడుమ ఒక బెదురుబొమ్మ ఉండేది, పిట్టలను తోలడానికి. దాని ఒంటికి ఎవరో పాతచీర ముక్క చుట్టారు, ఎండకూ వానకూ రంగు పోయి ఉంది. దాన్ని విప్పాను. ఉత్త కట్టెలు నిలబడ్డాయి. అది చూసి నవ్వాను కూడా.

అవ్వ గుడ్డలన్నిటినీ చవుడు నీళ్ళలో ఉడకబెట్టి, గుట్టబండ మీద ఆరేసి, ఒక మధ్యాహ్నం వాకిట్లో చాప పరిచి కూర్చుంది. ఆమె పొరలు వేసే తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఒక పొర నేత నిలువుగా వేస్తే, దాని మీది పొర అడ్డంగా వేసేది, లేకపోతే బొంత ఒకవైపు జారుతుందనేది. పైగుడ్డ కంటే లోపలి పొరలు రెండు వేళ్ళ మేర తక్కువుండాలి, లేకపోతే అంచు గట్టిపడి పిల్ల మెడకు ఒరుసుకుంటుంది. అతుకు మీద అతుకు రాకూడదు. చిన్న ముడత ఉన్నా వేలితో లాగి సరిచేసేది. కుట్టు టాకాలు నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి వెయ్యాలి. అంచు నుంచి మొదలుపెడితే లోపలి గుడ్డ అంతా నడిమికి వచ్చి ముద్ద కడుతుంది.

"ఇగ మంత్రసానిది తే" అంది చివర్న.

ఇచ్చాను. చెంపకు రుద్దుకుని ఆగింది. "జర గరుకున్నదేందే? ముసల్దాని చీర గిట్ల ఉండొద్దే."

"గిదే ఇచ్చింది" అన్నాను.

"నిజంగనేనా? అడిగి తెచ్చినవా, యాడన్న పారేసుకొని వేరేది తెచ్చినవా?"

"నీ మీద ఒట్టు" అన్నాను. అవ్వ మీద ఒట్టు వేయడం నాకప్పుడు మంచినీళ్ళు తాగినంత సులువు. అవ్వ నమ్మింది. ఆ గుడ్డను నాలుగు మడతలు వేసి, సరిగ్గా నడుమ పరిచి, అరచేత్తో మూడుసార్లు నిమిరింది. దబ్బనం దింపింది.

తమ్ముడు పుట్టాడు. మంత్రసానే దించింది. అమ్మకు వాయిలాకు కాచిన నీళ్ళ స్నానం, గదినిండా సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారం వాసన. మంత్రసాని రోజూ వచ్చి కాళ్ళు చాపుకుని, వాటి మీద వాణ్ణి బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోసేది. మొదటి రోజు బొంత మీద వేయబోతూ అరచెయ్యి నడుమ పెట్టి నొక్కింది. మళ్ళీ నొక్కింది. తల ఎత్తి చూస్తే గడపలో నేనున్నాను. వాణ్ణి పడుకోబెట్టింది. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు "నడుమ ఎవరిది వేసిండ్రు?" అని అడిగితే, "మంత్రసానిదే" అని అవ్వ గట్టిగా చెప్పేది. అప్పుడామె తల వంచుకుని పిల్లవాడి కాళ్ళు సాగదీస్తూ కూర్చునేది. మళ్ళీ అందరూ ఆమెనే పిలవడం మొదలుపెట్టారు.

మూడో నెలలో తమ్ముడికి జరం వచ్చింది. డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. రెండోవాడు పోయింది కూడా మూడో నెలలోనే. అమ్మ పాలివ్వడం మాని గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. దవాఖాన దూరం, బండి మీద పోతే దారిలోనే ఏమవుతుందోనని భయం. మంత్రసాని ఏదో ఆకు పసరు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. అప్పటికే మా మేనత్త దిగి ఉంది. బాపుకు అక్క, ఆమె నోటికి ఎవరైనా జంకాల్సిందే.

"నేను మొదట్నే అనుకున్న. ఇద్దరు పిల్లలు ఎవ్వల చేతుల పోయిండ్రో, గా మనిషి చీర మీద మూడోవాణ్ణి పండవెడితిరి. దాన్ని తియ్యుండ్రి ముందు" అంది మేనత్త.

"తియ్య. నేను చేతులార వేసిన పొర" అంది అవ్వ.

"పోరడు పోయినంక తీస్తవా?"

అమ్మ గోడ దగ్గర నుంచి సన్నగా అంది. "తియ్యుండ్రి అత్తా. నీ కాళ్ళు మొక్కుత."

అవ్వ ఓడిపోయింది. కత్తెర తెమ్మంది. నేనే తెచ్చిచ్చాను. పిల్లవాణ్ణి అమ్మ ఒళ్ళో వేసి, బొంత వాకిట్లో పరిచి, కొలత చూడకుండానే తను వేసిన చోట టాకాలు కోసి, చెయ్యి పెట్టి ఆ గుడ్డను లాగింది. మేనత్త దాన్ని కట్టెతో ఎత్తి మంత్రసాని ముందు వేసింది. "ఇగో, నీ చీర."

మంత్రసాని కిందికి చూసింది. ఎర్ర అంచు లేదు, నల్లరంగు లేదు, ఎవరిదో తెల్లబోయిన పేలిక. అది తనది కాదని ఒక్క మాట అంటే చాలు, నింద అక్కడే పోతుంది. ఆమె తలెత్తి నన్ను చూసింది. నా భయం ఆమెకు కనపడే ఉంటుంది.

"నాదేనమ్మా" అంది. వంగి దాన్ని తీసుకుని, మడిచి, చంకలో పెట్టుకుంది. పసరు గిన్నె గడప పక్కన పెట్టి "గంటకొకసారి రెండు సుక్కలు పోరని నాలిక మీద వెయ్యుండ్రి" అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. తెరిస్తే ఏమయ్యేది? అవ్వ నాలుగు వేసేది, మేనత్త ఇంకో రెండు. మర్నాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ ఆరు దెబ్బలకు వెరిచి నేనొక మనిషి బతుకును బుగ్గి చేశాను. చిన్నపిల్లవు కదా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అబద్ధం ఆడేటప్పుడు నాకు అన్నీ తెలుసు.

మూడో రోజుకు తమ్ముడు లేచి పాలు తాగాడు. మంత్రసాని చీర తీసేశాకే పిల్లవాడు బతికాడని ఊరంతా చెప్పుకుంది. పసరు సంగతి ఎవరూ ఎత్తలేదు. అంతే, ఆ తర్వాత ఆమెను ఒక్క ఇంటికీ పిలవలేదు. ఎదురొస్తే నెలతప్పిన ఆడవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. ఆ సన్నటి చేతులతో ఆముదం కాయలు కొట్టే కూలికి పోయేది. ఒకరోజు నేను రాతిగోడ దగ్గరికి పోయి ముళ్ళు తీసి చూశాను. చెదలు తినగా మట్టి అంటుకున్న ఎర్ర దారాలు నాలుగు చేతికొచ్చాయి. మా తమ్ముడైతే ముసలివాడయ్యాక కూడా ప్రతి శుభకార్యంలో ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించేవాడు. "మా అక్కను అడుగుండ్రి, కండ్లార చూసింది" అనేవాడు. నేను అవునవునని తలూపేదాన్ని.

ఇంత చేసినా ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

మరుసటేడు ఆమె, మొగుడు ఊరు విడిచారు. నకిరేకల్ దిక్కు వాళ్ళ బిడ్డ ఉండేదట, అక్కడ కూలి దొరుకుతుందట. పొద్దున నేను మంచినీళ్ళ బావి నుంచి వస్తుంటే ఎదురయ్యారు. మొగుడు మూట మోస్తూ ముందు పోయాడు. ఆమె గంప దించి నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, తమ్ముడు మంచిగున్నడా?"

"ఆఁ."

"నేనిచ్చిన చీర యాడ వెట్టినవు? తిట్ట, ఎవ్వలకు చెప్ప. మా అత్త గురుతు గదొక్కటే ఉండె. ఇస్తే తీసుకపోత."

దారాలు గుర్తొచ్చాయి. చెదలు తిన్నాయని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె నా మీద కోపంగా లేదు, దాంతో ఇంకా భయమేసింది. ఆ భయంలో నా నోటి నుంచి వచ్చిన మాట ఇది.

"నేను అవ్వకే ఇచ్చిన. అవ్వనే నీ చీర వద్దన్నది. వేరేది తెమ్మన్నది."

ఆమె ముఖం అప్పుడు మారింది. వాకిట్లో అందరి ముందు నింద పడినప్పుడు కూడా మారని ముఖం. "మీ అవ్వనా?" అంది. గంప ఎత్తుకుంది. నాలుగడుగులు వేసి, మళ్ళీ ఆగి, నా తల మీద చెయ్యి పెట్టింది.

"మీ అవ్వను ఏమనకు బిడ్డా. పెద్ద పానం. ఇద్దరు పోయిరి, భయపడ్డదేమో" అని వెళ్ళిపోయింది.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. వాకిట్లో బొంత పరుచుకుని కూర్చున్నప్పుడల్లా మంత్రసాని మాట ఎత్తేది. "గంత మంచిగుంటిమి. ఊరిడిసి పోయేటప్పుడు నా గడప తొక్కకపాయె, ఒక్క మాట చెప్పకపాయె. నేనేం తప్పు చేసిన్నే?" అని నన్నే అడిగేది. అవ్వకు అప్పటికి చూపు ఆనేది కాదు. నేను పక్కన కూర్చుని దబ్బనంలోకి దారం ఎక్కించి ఆమె చేతికి ఇచ్చేదాన్ని.